కంప్యూటర్ లేని ఇంట్లో కంప్యూటర్ ఆట

“మేడం, మా ఇంట్ల కంప్యూటరే లేదు. ఉన్నయి రెండు ఫోన్లు, ఒకటి నాది, ఒకటి వాళ్ల డాడీది. మరి వీడు పెద్ద పెద్ద కంప్యూటర్ గేములు ఆడుతున్న అంటడు. ఎట్ల ఆడుతున్నడో సమజైతలేదు.”

లాల్‌దర్వాజా, గౌలిపురా, ఛత్రినాక లాంటి హైదరాబాద్ పాతబస్తీ గల్లీల నుంచి పిల్లల్ని మా బడికి పంపే తల్లుల నోట ఇలాంటి మాట ఈమధ్య తరచుగా వింటున్నాను. ఆ గొంతులో కోపం కన్నా భయమే ఎక్కువ. కళ్లెదుట కూర్చున్న పిల్లవాడే మనకు తెలియని చోటికి వెళ్లిపోతున్నాడేమోనన్న భయం అది. కన్నవాళ్లకు ఆ మాత్రం దిగులు ఉండడం సహజం. కాబట్టి ముందు ఆ చోటేమిటో తెలుసుకుందాం. తెలిస్తే సగం భయం తీరుతుంది. మిగతా సగం గురించి నిదానంగా మాట్లాడుకుందాం.

దీన్ని క్లౌడ్ గేమింగ్ అంటారు. ఆట నడిచేది మన ఫోనులో కాదు, ఎక్కడో డేటా సెంటర్‌లో ఉన్న బలమైన కంప్యూటర్ మీద. దాని బొమ్మ మాత్రం ఇంటర్నెట్ మీదుగా వీడియోలాగా మన తెరకు వస్తుంది. ఉప్పల్ స్టేడియంలో జరిగే మ్యాచ్‌ని మనం ఇంట్లో టీవీలో చూసినట్టే ఉంటుంది. కాకపోతే ఇక్కడ మనవాడు బొటనవేలు కదిపితే అక్కడ బ్యాటు కదులుతుంది. వేలి కదలిక అంతదూరం వెళ్లి, మారిన బొమ్మ తిరిగి రావడానికి సెకనులో పదో వంతు కూడా పట్టకూడదు. పడితే ఆట తడబడుతుంది. “లాగ్ అయితుంది” అని పిల్లలు విసుక్కునేది దీని గురించే.

కొన్నేళ్ల కిందటి దాకా ఇలాంటి ఆటలు ఆడాలంటే సికింద్రాబాద్ పారడైజ్ దగ్గర చినాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి కంప్యూటర్ కట్టించుకోవాల్సి వచ్చేది. అందులో పెట్టే గ్రాఫిక్స్ కార్డుకే పాతిక, ముప్పై వేలు అయ్యేవి. ఇప్పుడు అదేమీ అక్కర్లేదు. 2025 మేలో జియో తెచ్చిన గేమింగ్ రీచార్జులలో అన్నిటికన్నా చిన్నది 48 రూపాయలు, మూడు రోజులకు. అదే ఏడాది నవంబరులో మైక్రోసాఫ్ట్ కూడా ఎక్స్‌బాక్స్ క్లౌడ్ గేమింగ్‌ని మన దేశంలో మొదలుపెట్టింది. పిల్లవాడు రెండు రోజులు క్యాంటీన్‌కు వెళ్లకుండా మిగుల్చుకున్న డబ్బుతో తెరుచుకునే తలుపు ఆ 48 రూపాయల రీచార్జు.

ఇక్కడే మనం ఒప్పుకోవాల్సిన నిజం ఒకటుంది. ఇన్నాళ్లూ మన బదులు ధరే “వద్దు” అని చెప్పింది. “మనతోని కాదు బిడ్డా, అంత పైసలు లేవు” అంటే పిల్లవాడు ఊరుకునేవాడు. మనమూ ఊపిరి పీల్చుకునేవాళ్లం. ఎందుకు వద్దో, ఎంతవరకు పర్వాలేదో కూర్చోబెట్టి చెప్పాల్సిన అవసరం రాలేదు. ఆ అవసరం ఇప్పుడు వచ్చింది. డబ్బున్న ఇళ్లలో చాలా ఏళ్ల కిందటే మొదలైన మాట, మన బస్తీలకు ఇప్పుడు వచ్చింది.

ఆ మాట మొదలుపెట్టే ముందు పిల్లవాడి వైపు నుంచి ఒకసారి చూద్దాం.

రెండు గదుల ఇల్లు. అయిదుగురో ఆరుగురో మనుషులు. అమ్మ మగ్గం మీద వర్క్ చేస్తూ ఉంటుంది, నాన్న ఆటో పక్కన పెట్టి వచ్చి టీవీ ముందు ఒరుగుతాడు, తమ్ముడు ఏడుస్తూ ఉంటాడు. పదమూడేళ్ల పిల్లవాడికి ఆ ఇంట్లో తనదంటూ ఒక మూల కూడా ఉండదు. తలుపు వేసుకునే గది ఉండదు. బయటికి వస్తే గల్లీ నిండా బైకులు. అలాంటి పిల్లవాడు ఫోర్జా హొరైజన్ 5 అనే ఆటలోకి వెళ్తే మెక్సికో ఎడారిలో కారు తోలుకుంటూ వెళ్లొచ్చు. ఎదురుగా రోడ్డు, పైన ఆకాశం, అడ్డం వచ్చేవాళ్లు ఎవరూ లేరు. ఫ్లైట్ సిమ్యులేటర్ అని ఇంకొకటి ఉంది. అందులో ప్రపంచంలో ఏ ఊరి మీదనైనా విమానం నడపొచ్చు. మా తరగతి పిల్లవాడొకడు శంషాబాద్ నుంచి విమానం లేపి పాతబస్తీ మీదికి వచ్చాడట. “చార్మినార్ కోసం ఎతికిన మేడం” అన్నాడు. దొరికిందా అని అడిగాను. “చిన్నగ దొరికింది. మా గల్లీ మాత్రం తెల్వలే.” ఆ రోజు వాడు నాతో మాట్లాడినంత సేపు, అంత ఉత్సాహంగా, ఏడాది మొత్తం మీద ఎప్పుడూ మాట్లాడలేదు. గాలి ఎటు నుంచి వీస్తే విమానం ఎటు దించాలో కూడా చెప్పాడు. లెక్కల పరీక్షలో వెనకబడిన పిల్లవాడు వాడు.

ఆట పిల్లవాడికి ఇంకొకటి కూడా ఇస్తుంది. దాన్ని ఒప్పుకోవడం మనకు కష్టం. ఆటలో ఓడిపోతే ఎవరూ తిట్టరు. పక్కింటి అబ్బాయితో పోల్చరు. మళ్లీ మొదలుపెట్టు అంటుంది, అంతే. పదిసార్లు ఓడి పదకొండోసారి గెలిస్తే ఆ గెలుపు వాడి కష్టానికే వచ్చిందని తెర మీద కనిపిస్తుంది. ఇంట్లోనూ బడిలోనూ కలిపి రోజుకు ఎన్నిసార్లు మన పిల్లలు “శభాష్” అన్న మాట వింటున్నారు? మన ప్రేమలో లోటేమీ లేదు. తెల్లారి లేచినప్పటి నుంచి వాళ్ల కోసమే కదా ఇంత తిప్పలు. కానీ ఆ ప్రేమ వాళ్ల చెవికి చేరేసరికి “చదువు”, “లే”, “ఫోన్ పెట్టు” అన్న మూడు మాటలుగా మారిపోతోంది. ఇలా అంటున్నది మనల్ని మనం తప్పుపట్టుకోవడానికి కాదు. ఆట అంత గట్టిగా ఎందుకు లాగుతుందో తెలియకపోతే, దాన్నుంచి పిల్లవాణ్ని ఇవతలికి ఎలా తెచ్చుకోవాలో కూడా తెలియదు.

అమ్మాయిల సంగతి విడిగా చెప్పాలి. మన ఇళ్లలో పన్నెండేళ్లు దాటాక ఆడపిల్ల గల్లీలో ఆడటం తగ్గిపోతుంది. మగపిల్లవాడికి కనీసం క్రికెట్ బ్యాటు పట్టుకుని వీధి చివరికి వెళ్లే వీలుంది. ఆమెకు అదీ లేదు. ఆమె ఫోను పట్టుకుని మూల కూర్చుంటే ఎవరితో మాట్లాడుతోందోనని అనుమానిస్తాం గానీ, ఆడుకుంటోందేమో అన్న ఆలోచనే రాదు. ఆమెకూ ఆట కావాలి.

ఇక రోజూ గొడవ జరిగే చోటికి వద్దాం. చాలా ఇళ్లలో అది ఆట దగ్గర కాదు, ఆట ఆపే దగ్గర జరుగుతుంది.

రాత్రి ఎనిమిదిన్నర. పళ్లెంలో అన్నం, పప్పు వడ్డించి అమ్మ పిలుస్తుంది. “వస్తున్న” అంటాడు, కదలడు. మళ్లీ పిలుస్తుంది. “పది నిమిషాలే అమ్మా.” పది నిమిషాలు అవుతాయి, అన్నం చల్లారుతుంది. మూడోసారి పిలుపు ఉండదు, చెయ్యి వస్తుంది. ఫోను లాక్కుంటారు. పిల్లవాడు అరుస్తాడు, ఎప్పుడూ అనని మాట ఒకటి అంటాడు. “వీడు ఇట్ల తయారయిండేంది” అని అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంటుంది.

ఆ పది నిమిషాల్లో తెర మీద ఏం జరుగుతోందో మనకు తెలియదు. నలుగురు దోస్తులు జట్టుగా కలిసి ఆడే మ్యాచ్‌ని మధ్యలో ఆపడానికి వీలుండదు. బీజీఎంఐ అనే ఫోను ఆట లాంటి వాటిలో ఒక్క మ్యాచ్ అరగంట దాకా సాగుతుంది. ఒకడు లేచి వెళ్తే మిగతా ముగ్గురూ ఓడిపోవచ్చు. రేపు బడిలో వాళ్ల ముఖం చూడాల్సింది వీడే. కథతో నడిచే పెద్ద ఆటలు ఇంకో రకం. అవి కొన్ని చోట్లకు చేరాకే సేవ్ అవుతాయి. మధ్యలో లాక్కుంటే గంట కష్టం గాలికి పోతుంది. పైగా ఆ వేళకు బిల్డింగంతా ఒకే కేబుల్ నెట్ మీద సీరియళ్లు, రీల్సు చూస్తుంటే బొమ్మ ఆగి ఆగి వస్తుంది. గెలవాల్సింది లాగ్ వల్ల ఓడిపోయి వాడు అప్పటికే ఉడుకుతూ ఉంటాడు. మనం వెళ్లి చేయి వేసేది సరిగ్గా ఆ నిమిషంలోనే. వాడి కోపం నిజానికి మన మీద కాదు. కానీ ఎదురుగా ఉన్నది మనం.

కాబట్టి ఆట మొదలుపెట్టే ముందే అడుగుదాం. “ఇది మ్యాచా, కథనా? ఎంతసేపు పడుతుంది? ఎక్కడ సేవ్ అవుతుంది?” ఈ మూడు ప్రశ్నలు అడిగే అమ్మను పిల్లవాడు వింతగా చూస్తాడు, తర్వాత జవాబు చెప్తాడు. అన్నానికి ఇరవై నిమిషాల ముందే “ఇంకో మ్యాచ్ మొదలుపెట్టకు” అంటే వాడికి వినబడుతుంది. మధ్యలో అంటే వినబడదు.

అయితే దీనికి రెండో వైపు కూడా ఉంది. ఒప్పుకున్న సమయం అయ్యాక బేరం ఉండకూడదు. ఒకరోజు అలసిపోయి వదిలేసి, మరోరోజు అదే తప్పుకు కొడితే పిల్లవాడికి నియమం అర్థం కాదు, మన మూడ్ మాత్రమే అర్థమవుతుంది. అప్పటినుంచి వాడు గడియారం చూడటం మానేసి మన ముఖం చూడటం నేర్చుకుంటాడు. అమ్మ వద్దంటే నాన్న సరే అనడం, ఇద్దరూ వద్దంటే నానమ్మ తన ఫోను కొంగు చాటు నుంచి తీసి ఇవ్వడం మన ఇళ్లలో మామూలే. ముద్దుతోనే ఇస్తుంది పాపం. కానీ ముగ్గురూ కలిసి ఒక్క మాట మీద ఉండకపోతే ఏ మాటా నిలవదు. నానమ్మను కూడా పక్కన కూర్చోబెట్టుకునే మాట్లాడుకోవాలి.

“ఇదంతా ఎందుకు మేడం, ఫోనే తీసేసుకుంటే పీడా పోతది” అని కొందరు నాన్నలు అంటారు. క్లౌడ్ గేమింగ్ విషయంలో ఇది పనిచేయకపోవడానికి గట్టి కారణం ఉంది. ఆట మన ఫోనులో లేదు కదా. వాడు ఎక్కడిదాకా ఆడాడో, ఏం గెలిచాడో అంతా అవతల వాడి అకౌంటులో భద్రంగా ఉంటుంది. మనం ఫోను బీరువాలో పెట్టి తాళం వేస్తాం. వాడు ఉప్పుగూడలో మేనమామ ఇంటికి వెళ్లి, బావ ఫోనులో పాస్‌వర్డ్ కొట్టి, ఆపిన చోటు నుంచే మొదలుపెడతాడు. లేదా గల్లీ చివర గేమింగ్ పార్లర్‌లో కూర్చుంటాడు. అప్పుడు ఏం ఆడుతున్నాడో, ఎవరితో ఆడుతున్నాడో తెలిసే దారి కూడా మూసుకుపోతుంది. మన కళ్లెదుట ఆడే ఆటను మన కంటికి కనపడని చోటికి మనమే తోలినట్టవుతుంది.

కంపెనీలు పెట్టే హద్దుల మీద కూడా ఎక్కువ ఆశ పెట్టుకోలేం. నిషేధం తర్వాత 2023లో బీజీఎంఐ తిరిగి వచ్చినప్పుడు 18 ఏళ్ల లోపు వాళ్లకు రోజుకు 3 గంటలే అని పరిమితి పెట్టారు. అకౌంటులో ఉన్న పుట్టిన తేదీ నాన్నదైతే ఆ పరిమితి పిల్లవాడికి తగలదు. చైనాలో 2021లో పిల్లలకు శుక్ర, శని, ఆదివారాలూ సెలవు రోజులూ మాత్రమే, అదీ రాత్రి 8 నుంచి 9 వరకే అని ప్రభుత్వమే కట్టడి చేసింది. అక్కడా పెద్దల పేరుతో ఆడే పిల్లలు ఉండనే ఉన్నారు. చివరికి నిలిచే హద్దు ఏదైనా ఉంటే అది పిల్లవాడికీ మనకూ మధ్య కుదిరినదే. ఒకటి మాత్రం ఈరోజే చేయొచ్చు. అకౌంటు పిల్లవాడి అసలు వయసుతో తెరిపించి, దాని పాస్‌వర్డ్ మనకూ తెలిసేలా పెట్టుకుందాం.

నెట్ సంగతి కొంచెం తెలిసి ఉండటం మంచిది. జీఫోర్స్ నౌ అనే సేవ నడిపే ఎన్విడియా, స్పష్టమైన 1080పీ బొమ్మకు 25 ఎంబీపీఎస్ వేగం కావాలంటుంది. అలా ఆడితే గంటకు పది జీబీ దాకా ఖర్చవుతుంది. రోజుకు రెండు జీబీ ఇచ్చే మన ఫోను ప్యాక్ పావుగంట కూడా రాదు. అంటే గంటల తరబడి ఈ ఆటలు ఆడే పిల్లవాడు ఎవరిదో వైఫై మీద ఉండి ఉండొచ్చు. ఎవరిది అని మెల్లగా అడగండి. వాడి దోస్తులెవరో దాంతోనే తెలుస్తుంది.

డబ్బు విషయంలో మెతకదనం పనికిరాదు. యూపీఐ పిన్ పిల్లల చేతికి ఇవ్వొద్దు, ముద్దుకు కూడా. ఆట వేరు, పందెం వేరు అని వాళ్లకు విడదీసి చెప్పాలి. డబ్బు పెట్టి డబ్బు గెలుచుకునే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటా డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. మామూలు వీడియో ఆటలకూ ఈ-స్పోర్ట్స్‌కూ ఆ నిషేధం లేదు. ఎవడైనా ఆటలో పరిచయమై లింకు పంపి డబ్బు గుంజితే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. పిల్లవాడు ఆ సంగతి మన దగ్గర దాచకుండా ఉండాలంటే, చెప్పిన రోజు మనం కొట్టకూడదు.

ఇక ఏ ఆట ఏ వయసుకు అన్నది. పెగి అనే యూరప్ పద్ధతిలో ప్రతి ఆట మీదా 3, 7, 12, 16, 18 అని ఒక అంకె ఉంటుంది. ఆట పేరు పక్కన వెతికితే దొరుకుతుంది. ఫోర్జా హొరైజన్ 5 మీద 3 ఉంటుంది. పిల్లలు గొప్పగా చెప్పుకునే జీటీఏ 5 మీద 18 ఉంటుంది, అందులో చూపే హింస, మాటలు పదమూడేళ్ల మనసుకు తగినవి కావు. రెండూ కార్లు తోలే ఆటల్లాగే కనిపిస్తాయి. పక్కన కూర్చుని చూస్తేనే తేడా తెలుస్తుంది.

నిద్ర మాత్రం ఎవరింట్లోనూ రాజీ పడకూడనిది. రాత్రి పన్నెండింటి దాకా తెర చూసిన పిల్లవాడు పొద్దున మొదటి పీరియడ్‌లో కళ్లు తెరిచే నిద్రపోతుంటాడు, మేం రోజూ చూస్తాం. రాత్రి ఇంట్లో ఫోన్లన్నీ ఒకచోట పెడదాం. మన ఫోన్లు కూడా. మనం దిండు కింద పెట్టుకుని, వాడిది మాత్రం తీసుకుంటే వాడు వినడు. వినకపోవడంలో న్యాయం ఉంది కూడా.

“బయటికి పోయి ఆడుకోరాదు” అంటాం. ఎక్కడికి పోవాలి? కులీ కుతుబ్ షా స్టేడియం దాకా ఒంటరిగా పంపగలమా? గల్లీలో బాలు ఎవరింట్లో పడినా గొడవే. సంక్రాంతికి మిద్దెల మీద పతంగులు ఎగరేసే నాలుగు రోజులు చూడండి, ఫోను ఎక్కడుందో కూడా పిల్లలకు గుర్తుండదు. చోటు, తోడు దొరికితే వాళ్లే లేచి వస్తారు. వారానికి ఒకరోజైనా ఆ చోటికి మనం వెంటబెట్టుకుని వెళ్లాలి. పనులు వదులుకుని వెళ్లడం ఎంత కష్టమో తెలిసే చెబుతున్నాను.

ఎప్పుడు నిజంగా భయపడాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల జాబితాలో గేమింగ్ డిజార్డర్‌ని చేర్చింది. 2022 జనవరి నుంచి అది అమల్లో ఉంది. వాళ్లు చూడమన్నవి ఇవి: ఆట మీద అదుపు పోవడం, మిగతా అన్నిటికన్నా ఆటే ముఖ్యమైపోవడం, నష్టం కళ్లకు కనిపిస్తున్నా ఆపలేకపోవడం. అదీ దాదాపు ఏడాదిగా సాగుతూ, చదువు, స్నేహాలు, ఇల్లు అన్నీ దెబ్బతింటే. సెలవుల్లో రోజుకు మూడు గంటలు ఆడి, పిలిస్తే గొణుగుతూ అయినా అన్నానికి వచ్చే పిల్లవాడు ఈ లెక్కలోకి రాడు. అలా అని ఏడాది నిండాలని ఎదురుచూడక్కర్లేదు. తిండి మానేసినా, బడి ఎగ్గొడుతున్నా, ఇష్టమైన దోస్తులను కూడా కలవకపోయినా, చచ్చిపోతానన్న మాట నోట వచ్చినా ఆ రోజే సాయం అడగాలి. కొన్నిసార్లు ఆట అసలు జబ్బు కాదు. లోపల వేరే బాధ ఉండి, దాన్ని మరిచిపోవడానికి ఆటలోకి వెళ్తాడు. బడిలో ఎవరో ఏడిపిస్తుండొచ్చు, ఇంట్లో గొడవలు ఉండొచ్చు. దాన్ని డాక్టరు మెల్లగా బయటికి తీస్తారు.

ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది. ఆ పేరు చెబితే మన ఊళ్లో నవ్వుతారని చాలామంది వెనకాడతారు. ఆ సంకోచం నాకు అర్థమవుతుంది. ముందు ఇంట్లో కూర్చునే మాట్లాడాలంటే టెలీ మానస్ ఉంది, నంబరు 14416. ఏ వేళ చేసినా పలుకుతారు, డబ్బు పడదు, తెలుగులో మాట్లాడొచ్చు. పిల్లవాడి పేరు చెప్పకుండా మీ దిగులు మాత్రం చెప్పినా వింటారు.

అంతవరకు రాని ఇళ్లే ఎక్కువ. ఆ ఇళ్ల తల్లిదండ్రులను నేను అడిగేది ఒక్కటే. ఈ ఆదివారం ఒక గంట మీ పిల్లవాడి పక్కన, మీ పిల్ల పక్కన కూర్చోండి. ఆ ఆట పేరేమిటో, అందులో తాను ఎవరో, ఎవరితో కలిసి ఆడుతున్నారో వాళ్ల నోటే చెప్పించుకోండి. ఒకసారి మిమ్మల్నీ ఆడించమనండి. ఆ గంటసేపు మార్కుల మాట ఎత్తకండి.